ఫోమ్ ప్లేన్ ‘కాంబో కిట్’ కొంటున్నారా? ముందు కాటా దగ్గర పెట్టుకోండి

ఇంట్లో ఫోమ్ కోసి రిమోట్‌తో ఎగిరే ఆర్సీ విమానం కట్టుకుందామనుకునేవాళ్లకి ఇది జాగ్రత్త హెచ్చరిక. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, రెక్క, తోక పలకలను కదిలించే నాలుగు సర్వోలు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ప్రొపెల్లర్లు, ఫోమ్ షీట్లు, ప్రింటు తీసిన ప్లాను అన్నీ ఒకే పెట్టెలో పెట్టి ‘బిగినర్ ప్లేన్ కాంబో’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటి ఒక విక్రేత దగ్గర నుంచి వచ్చిన పెట్టెలో లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్న సరుకుకీ పొంతన లేదు. ఫోమ్ అని సన్‌బోర్డ్ వచ్చింది. 1000 కేవీ (ఒక్క వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు) అన్న చోట 2200 కేవీ మోటారు వచ్చింది. 2200 ఎంఏహెచ్ అని ముద్ర ఉన్న బ్యాటరీ అంత బరువే లేదు. విక్రేత పేరు చెప్పి లాభం లేదు, రేపు ఇంకో పేరుతో అదే పెట్టె అమ్మకానికి వస్తుంది. సరుకును గుర్తుపట్టడం వస్తే ఎవరు పంపినా దొరికిపోతారు. దానికి కావలసింది ఒక గ్రాము తేడా చూపించే కిచెన్ కాటా, ఒక మల్టీమీటరు.

మొదట ఫోమ్ సంగతి. డబ్బు తక్కువ పోయేది ఇక్కడే, విమానాన్ని అసలు లేవనివ్వనిదీ ఇదే. సన్‌బోర్డ్ అంటే ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో బోర్డులకు వాడే పీవీసీ షీటు. తెల్లగా, నున్నగా ఉంటుంది కాబట్టి ఫొటోలో డెప్రాన్‌కీ (మోడల్ విమానాలకు వాడే తేలికైన, బిగువైన ఫోమ్ షీటు) దీనికీ తేడా కనపడదు. డెప్రాన్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లకు చేతిలోకి తీసుకున్నా తెలియదు, పోల్చుకోవడానికి ఇంకొకటి ఉండాలి కదా. కోసిన షీటును వాపసు తీసుకోరు, అందుకని కోయకముందే షీటు మొత్తాన్ని తూచండి. పొడవునూ వెడల్పునూ మీటర్లలో కొలిచి గుణించి, వచ్చిన సంఖ్యతో బరువును భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో తేలుతుంది. 6 మి.మీ. డెప్రాన్ 200 నుంచి 240 గ్రాముల మధ్య ఉంటుంది. రెండు వైపులా కాగితం అతికిన స్టేషనరీ ఫోమ్ బోర్డు 500, 600 దాకా వెళ్తుంది. 5 మి.మీ. సన్‌బోర్డ్ 2500 చుట్టుపక్కల తూగుతుంది. ఏ4 సైజు ముక్కలుగా పంపితే లెక్క ఇంకా తేలిక: డెప్రాన్ ముక్క 15 గ్రాములు దాటదు, సన్‌బోర్డ్ ముక్క సుమారు 150 గ్రాములు.

ఈ పది రెట్ల తేడా విమానంలో ఏం చేస్తుందో చూడండి. మీటరు రెక్క, 20 సెం.మీ. కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా రెక్క వెడల్పు) ఉన్న మామూలు ట్రైనర్‌కి, అంటే నేర్చుకునేవాళ్ల విమానానికి, రెక్క, బాడీ, తోక అన్నీ కలిపి సుమారు 0.6 చదరపు మీటరు ఫోమ్ పడుతుంది. డెప్రాన్‌తో అయితే అది 130 గ్రాములు. మోటారు, ఈఎస్‌సీ, బ్యాటరీ, సర్వోలు, రిసీవరు, జిగురు, రాడ్లు కలిపి ఇంకో 390 వేసుకుంటే మొత్తం 520 గ్రాములు. అదే సన్‌బోర్డ్ అయితే ఫోమే కిలోన్నర, మొత్తం 1900కి దగ్గర. రెక్క వైశాల్యం 20 చదరపు డెసీమీటర్లు కాబట్టి వింగ్ లోడింగ్ (ఒక్కో చదరపు డెసీమీటరు రెక్క మోసే గ్రాములు) 26 నుంచి 94కి ఎక్కుతుంది, స్టాల్ వేగం (గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం) దాదాపు రెట్టింపవుతుంది. 1000 కేవీ మోటారు 10 అంగుళాల ప్రాప్‌తో లాగేది 800 గ్రాముల చుట్టుపక్కల. చేత్తో విసిరితే ఎదురుగా నేల మీద పడుతుంది. కొత్తవాళ్లు అది తమకు ఎగరేయడం రాకనే అనుకుంటారు. నేర్చుకునేవాళ్లను సగంలో మాన్పించేది ఈ అపోహే, అందుకే ఫోమ్ గురించి ఇంతసేపు చెప్పాల్సి వస్తోంది.

పార్సిల్ ప్యాకింగ్‌లో వచ్చే మెత్తటి ఈపీఈ షీటును కూడా డెప్రాన్ అని పంపుతున్నారు. అది తేలికే కానీ బిగువు ఉండదు, ఒక చివర పట్టుకుంటే దుప్పటిలా వేలాడుతుంది.

పెట్టెలో వచ్చే ప్లాను చాలాసార్లు అమెరికాలోని ఆర్సీ విమానాల యూట్యూబ్ ఛానల్ ఫ్లైట్ టెస్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే పీడీఎఫ్‌కు ప్రింటే. దానికి విడిగా డబ్బు కట్టొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ ప్లాన్లు అమెరికాలో డాలర్ ట్రీ అనే చవక దుకాణాల్లో దొరికే కాగితం అతికిన 5 మి.మీ. బోర్డును దృష్టిలో పెట్టుకుని గీసినవి. 20 × 30 అంగుళాల ఆ బోర్డు సుమారు 115 గ్రాములే ఉంటుంది. అక్కడున్న తెలుగువాళ్లకు ఈ ఫోమ్ చిక్కు లేదు. ఇక్కడ అదే ప్లానును 6 మి.మీ. డెప్రాన్ మీద కోస్తే గాడులన్నీ ఒక మి.మీ. బిగుసుకుంటాయి, కాగితం ఉండదు కాబట్టి మడతలు కీలులా పనిచేయకుండా పుటుక్కున విరుగుతాయి. గాడులు వెడల్పు చేసుకుని, మడత పెట్టే చోటల్లా ముందుగా టేపు వేయాలి. విక్రేత ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ప్రింటు తీసి ఉంటే ప్లానే కుంచించుకుపోయి ఉంటుంది. ప్లాను మీద కొలత రాసి ఉన్న గీతను స్కేలుతో కొలవండి. 100 మి.మీ. ఉండాల్సింది 95 ఉంటే ఆ కాగితాలు పక్కన పడేయండి, మోటారు బిగించే పాడ్ ఆ బాడీలో దూరదు.

మోటారు దగ్గర జరిగేది ప్రమాదకరమైన మోసం. ఏ2212 అనే పేరుతో 1000, 1400, 2200 కేవీ మోటార్లు మూడూ ఉన్నాయి, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. 3ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీ మీద 1000 కేవీకి 10 × 4.5 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ప్రాప్, 1400కి 8 × 4, 2200కి 6 అంగుళాల ప్రాప్ సరిపోతాయి. కాంబోల్లో ఏ మోటారు పెట్టినా డ్రోన్ల కోసం తయారైన 1045 (అంటే 10 × 4.5) ప్రాప్‌లనే జతగా పడేస్తున్నారు. ప్రాప్ తీసుకునే పవరు వేగానికి ఘనంలో పెరుగుతుంది. అదే ప్రాప్‌ను 2.2 రెట్ల వేగంతో తిప్పాలంటే పదింతల పైన పవరు కావాలి. మోటారు ఆ వేగాన్ని అందుకోలేదు, అందుకోవాలని చేసే ప్రయత్నంలో కరెంటు లాగి తనూ కాలుతుంది, ఈఎస్‌సీనీ కాలుస్తుంది.

స్టిక్కరు నమ్మకుండా కేవీ తెలుసుకోవడం కష్టమేం కాదు. వేగం తెలిసిన డ్రిల్లుకి మోటారు షాఫ్టు బిగించి, కింది భాగం కదలకుండా పట్టుకుని తిప్పండి. మూడు తీగల్లో ఏ రెండింటి మధ్యనైనా ఏసీ వోల్టేజీ చూడండి. 1500 ఆర్‌పీఎం దగ్గర 1000 కేవీ మోటారు ఒక వోల్టు చుట్టుపక్కల చూపిస్తుంది, 2200 కేవీది అర వోల్టు కూడా దాటదు. ఖచ్చితమైన అంకె రాకపోవచ్చు, కానీ ఈ రెండింటినీ ఒకటనుకునే అవకాశం ఉండదు.

జతగా వచ్చే రెండు ప్రాప్‌ల్లో ఒకదాని మీద ఆర్ అక్షరం ఉంటుంది. అది ఎదురు దిక్కుకు తిరిగేది. దాన్ని బిగించి మోటారు తీగలు రెండు మార్చేస్తే గాలి వెనక్కే తోస్తుంది, కానీ టార్క్ (ప్రాప్ తిరగడం వల్ల విమానాన్ని పక్కకు తిప్పే బలం) దిక్కు తిరగబడుతుంది. ప్లానులో మోటారును కుడివైపు రెండు మూడు డిగ్రీలు వంచమనేది మామూలు ప్రాప్ లెక్కతో. ఆర్ ప్రాప్ పెడితే ఆ వంపు సరిచేయాల్సింది పోయి ఇంకా పక్కకు లాగుతుంది. ట్రైనర్‌కి ఆర్ లేని ప్రాప్ వాడండి, అక్షరాలు ఉన్న వైపు విమానం ముందుకు చూడాలి.

30 ఆంపియర్ల ఈఎస్‌సీ అని వచ్చేది కూడా చాలాసార్లు డ్రోన్‌ది. సైమన్‌కే (ఈఎస్‌సీలో నడిచే ఒక సాఫ్ట్‌వేర్) అని రాసి ఉంటే అందులో లో వోల్టేజ్ కట్ ఉండదు. డ్రోన్ గాల్లో ఉండగా మోటారు ఆగకూడదని కావాలనే తీసేశారు. విమానంలో దాన్ని వాడితే బ్యాటరీ సెల్ 3 వోల్టుల కిందికి దిగినా హెచ్చరిక లేకుండా తిరుగుతూనే ఉంటుంది, మొదటి రోజే లైపో పాడవుతుంది. బ్యాటరీ సెల్లులను విడివిడిగా కొలవడానికి ఉండే సన్నటి బ్యాలెన్స్ వైరుకి తగిలించే లైపో అలారం పెట్టుకుని, సెల్‌కి 3.5 వోల్టులకు మోగేలా అమర్చుకోండి. ఆప్టో అని రాసి ఉంటే ఇంకో చిక్కు: అందులో బీఈసీ (బ్యాటరీ నుంచి రిసీవరుకు తక్కువ వోల్టేజీ ఇచ్చే భాగం) ఉండదు, రిసీవరుకీ సర్వోలకీ కరెంటే రాదు. బీఈసీ ఉన్నవాటిని కూడా పరీక్షించాలి. ప్రాప్ తీసేసి, నాలుగు సర్వోలూ తగిలించి, స్టిక్కులు రెండూ గబగబా తిప్పుతూ రిసీవరు దగ్గర వోల్టేజీ చూడండి. 5 వోల్టుల బీఈసీ 4.8 కిందికి జారుతుంటే గాల్లో రిసీవరు రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. ఆ ఒకటి రెండు క్షణాలు విమానం మీ చేతిలో ఉండదు.

ఇక బ్యాటరీ. అసలైన 3ఎస్ 2200 ఎంఏహెచ్ లైపో వైర్లతో కలిపి 170 నుంచి 190 గ్రాములు తూగుతుంది. 11.1 వోల్టులు, 2.2 ఆంపియర్ అవర్లు అంటే 24 వాట్ అవర్లు. అంత శక్తి దాచడానికి ఆ మాత్రం బరువు ఉండాల్సిందే. 130 గ్రాములు చూపిస్తే లోపల 1300, 1500 సెల్లులకు పెద్ద స్టిక్కరు అతికించారని అర్థం. తేలికగా ఉంటే మంచిదే కదా అనుకోవద్దు. ఎగిరే సమయం బాగా తగ్గుతుంది, దానితో పాటు ముక్కు దగ్గర 50 గ్రాములు తగ్గి సెంటర్ ఆఫ్ గ్రావిటీ (సీజీ) వెనక్కి జరుగుతుంది. ఈ ట్రైనర్లకు సీజీ ముందు అంచు నుంచి కార్డ్‌లో 25, 30 శాతం దగ్గర ఉండాలి. తోక బరువైన విమానాన్ని అనుభవం ఉన్నవాళ్లు కూడా దించలేరు.

పెట్టె తెరిచిన వెంటనే బ్యాలెన్స్ వైరు దగ్గర మూడు సెల్లులనూ విడివిడిగా కొలవండి. ఒక్కోటి 3.8 వోల్టుల చుట్టుపక్కల, ఒకదానికొకటి 0.03 వోల్టులకు మించని తేడాతో ఉండాలి. 3 వోల్టుల కింద ఉన్న సెల్ కనపడితే ఛార్జి చేసే ప్రయత్నం చేయకుండా వాపసు అడగండి. బాగుందనుకుంటే 1సీ దగ్గర, అంటే 2.2 ఆంపియర్లతో, పక్కనే కూర్చుని ఛార్జి చేయండి. ఎగరేశాక కాసేపు ఆగి సెల్‌కి 3.7 వోల్టులు ఉన్నప్పుడు మళ్లీ ఛార్జి పెడితే ఛార్జరు తెరమీద 1700 ఎంఏహెచ్ పైన ఎక్కినట్టు చూపాలి. 900, 1000 దగ్గరే నిండిపోతే లేబుల్ అబద్ధం. ఎక్స్‌టీ60 కనెక్టరు సోల్డరింగ్ చేసేటప్పుడు మెత్తబడి పిన్ను వంకరపోతే అది నాసిరకం ప్లాస్టిక్. అలాంటిది వాడితే గాల్లోనే కనెక్షన్ వదులవుతుంది.

సర్వోలకు కూడా కాటా పని చేస్తుంది. ఎస్‌జీ90 తొమ్మిది గ్రాములు, ఎంజీ90ఎస్ 13 గ్రాముల పైన. మెటల్ గేర్ అని డబ్బు తీసుకుని, బయటికి కనపడే చివరి పళ్లచక్రం ఒక్కటే ఇత్తడిది పెట్టి లోపలివన్నీ ప్లాస్టిక్‌వి పెట్టినవి ఉన్నాయి. కింద నాలుగు స్క్రూలు విప్పి పైమూత తీస్తే బయటపడుతుంది. సర్వో టెస్టరుకి తగిలించి నడి స్థానానికి రెండు వైపుల నుంచీ తీసుకురండి, ఆగిన చోటు వేరువేరుగా ఉంటే ఎలివేటరుకి (విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక పలక) పనికిరాదు. ఆగకుండా గిరగిరా తిరుగుతుంటే రోబోల కోసం చేసిన 360 డిగ్రీల రకం పంపారని.

‘కార్బన్ రాడ్’ పేరుతో నల్లరంగు వేసిన గ్లాస్ ఫైబర్ వస్తోంది. రెండు కొసలూ ఉప్పుకాగితంతో గీకి మల్టీమీటరు పెట్టండి, కార్బన్ అయితే కరెంటు పారుతుంది. కిట్‌లో వచ్చిన జిగురును తుక్కు ముక్క మీద రాసి పది నిమిషాలు చూడండి. రబ్బరు సొల్యూషన్లు, ఫెవిక్విక్ లాంటివి డెప్రాన్‌నీ థర్మాకోల్‌నీ తినేస్తాయి. లో టెంపరేచర్ హాట్ గ్లూ గన్‌తో పని జరుగుతుంది.

ఇంకా కొనలేదంటే కాంబో మానేసి విడివిడిగా కొనండి, ప్రతి లిస్టింగ్‌లోనూ బరువు రాసి ఉన్నది ఎంచుకోండి. రాయకపోతే కాటా మీద పెట్టిన ఫొటో అడగండి. ‘వాట్సాప్‌లో మాట్లాడి యూపీఐ చేస్తే తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. సైటు బయట కట్టిన డబ్బుకు సైటు పూచీ పడదు. పార్సిల్ తెరిచేటప్పుడు చిరునామా లేబుల్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వస్తువూ కాటా మీద పెట్టేదాకా ఆపకుండా వీడియో తీయండి. వాపసు గడువు ఆర్డరు పేజీలో ముందే చూసుకోండి, బ్యాటరీకి మిగతావాటికంటే తక్కువ ఉండొచ్చు, అసలు ఉండకపోవచ్చు. విక్రేత, సైటు ఇద్దరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆర్డరు నంబరు, లిస్టింగ్ స్క్రీన్‌షాట్, బరువు ఫొటోలతో ఫిర్యాదు నమోదు చేయించండి. లిస్టింగ్‌ను విక్రేత మార్చేస్తారు కాబట్టి స్క్రీన్‌షాట్ కొన్నరోజే తీసి పెట్టుకోవాలి.

వచ్చిన లైపో ఉబ్బి ఉంటే మాత్రం కొరియర్‌లో వెనక్కి పంపొద్దు, ఇంట్లో అల్మరాలోనూ పెట్టొద్దు. ఫొటోలు తీసుకుని, ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టి, కారు ఇండికేటరుకి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు తగిలించి అది పూర్తిగా ఆరిపోయేదాకా వదిలేయండి. తర్వాత కనెక్టరు కత్తిరించి, రెండు తీగల కొసలకూ విడివిడిగా టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.