కామెల్‌కి జేగ్రూప్స్ కలిపి ఏడాది వాడాం: మెసేజీలకి కాదు, "ఇప్పుడు పెద్ద ఎవరు" అని తెలుసుకోడానికి

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో దగ్గర. లోన్ వాయిదా డేట్ దగ్గరపడితే కస్టమర్లకి ఎస్సెమ్మెస్ వెళ్ళే సిస్టమ్ ఒకటి మా టీం చూస్తుంది. రోజూ రాత్రి 11 దాటాక అవతలి పార్టీ ఎస్‌ఎఫ్‌టీపీలో (ఫైళ్ళు భద్రంగా పంపుకునే చోటు) ఒక ఫైల్ పడేస్తుంది, మా కామెల్ రూట్ (మెసేజ్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే కోడ్) దాన్ని లాక్కొచ్చి, లైన్ లైన్‌గా విడగొట్టి, ఎస్సెమ్మెస్ గేట్‌వేకి పంపిస్తుంది. ఒక్క సర్వర్ ఉన్నన్నాళ్ళూ హాయిగా నడిచింది. తర్వాత బ్యాకప్ కావాలని రెండో సర్వర్ పెట్టమన్నారు, అదే కోడ్ తీసుకెళ్ళి దాని మీదా పెట్టాం, అంతే, రెండూ ఒకే ఫైల్ మీద పడ్డాయి, ఒక్కొక్కరికి రెండేసి ఎస్సెమ్మెస్‌లు వెళ్ళిపోయాయి. కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "బిడ్డా, ఈ నెల వాయిదా ఒక్కసారి కట్టాల్నా రెండుసార్లు కట్టాల్నా" అని అడిగాడంట. ఆ కాల్ రికార్డింగ్ విన్న రోజు నాకు అన్నం సహించలేదు, ఎందుకంటే ఆయన నిజంగానే రెండోసారి కట్టడానికి డబ్బులు వెతుక్కుంటున్నాడు.

వెంటనే చేసిందేంటంటే డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టి, ఒకసారి చదివిన ఫైల్ పేరు మళ్ళీ వస్తే వదిలేసేలా కామెల్ ఐడెంపొటెంట్ కన్స్యూమర్ తగిలించాం. డూప్లికేట్లు ఆగాయి. కానీ అవతలి పార్టీ ఒక టైంలో ఒక్క లాగిన్‌నే ఒప్పుకుంటుంది, రెండో సర్వర్ లాగిన్ ఫెయిలై రాత్రంతా అలర్ట్‌లు మోగుతూనే ఉండేవి. అంటే ఒక్క సర్వరే ఆ రూట్ నడపాలి, అది పోతే రెండోది అందుకోవాలి. దీనికోసమే కామెల్‌లో ఉన్న జేగ్రూప్స్ కాంపొనెంట్ తెచ్చుకున్నాం, ఈ రివ్యూ దాని గురించే.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అపాచీ కామెల్ అంటే మెసేజీల్ని ఇక్కడి నుంచి అక్కడికి దారి మళ్ళించే జావా ఫ్రేమ్‌వర్క్, 2007 నుంచి ఉంది, ఫైల్ అయినా క్యూ అయినా హెచ్‌టీటీపీ అయినా అన్నిటికీ ఒకే రకం యూఆర్ఐ (అడ్రస్ లాంటి లైన్) రాస్తే చాలు. జేగ్రూప్స్ అంటే కొన్ని జావా ప్రాసెస్‌లని ఒక గ్రూపుగా కట్టే టూల్‌కిట్, కార్నెల్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు బేలా బాన్ మొదలుపెట్టాడు, వైల్డ్‌ఫ్లై (జావా అప్లికేషన్ సర్వర్), ఇన్ఫినిస్పాన్ (డేటా క్యాష్) లోపల క్లస్టరింగ్, అంటే సర్వర్లని గుంపుగా కలపడం, దీని మీదే నడుస్తుంది, అంటే చాలామంది తెలియకుండానే వాడేస్తున్నారు. ఈ రెండిటినీ కలిపే కాంపొనెంట్ కామెల్ 2.13 నుంచి వస్తోంది.

కలపడం మాత్రం నిజంగా తేలిక. డిపెండెన్సీ ఒకటి పెట్టి, యూఆర్ఐలో జేగ్రూప్స్ అని రాసి కోలన్ పెట్టి క్లస్టర్ పేరు ఇస్తే అయిపోయింది. "టు"లో పెడితే గ్రూపులో అందరికీ మెసేజ్ వెళ్తుంది, "ఫ్రమ్"లో పెడితే గ్రూపులో వచ్చిన మెసేజ్ మన రూట్‌లోకి వస్తుంది. నేను మధ్యాహ్నం లంచ్ తర్వాత మొదలుపెడితే నాలుగింటి చాయ్‌కి నా ల్యాప్‌టాప్‌లో రెండు జేవీఎంలు (జావా ప్రాసెస్‌లు) మాట్లాడుకుంటున్నాయి.

అక్కడే మురిసిపోయి మెసేజీలన్నీ దీనిలోంచే పంపిద్దామని మొదలుపెట్టాను, అది తప్పు. జేగ్రూప్స్ ఛానల్ (గ్రూపుతో మన కనెక్షన్) మనం పంపిన మెసేజ్‌ని మనకి కూడా తిరిగి ఇస్తుంది, అది దాని మామూలు పద్ధతి. ఒకే రూట్‌లో ఫ్రమ్, టు రెండూ అదే క్లస్టర్‌కి పెడితే మెసేజ్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ సౌండ్‌కి పక్క సీటు వాళ్ళు తిరిగి చూశారు. సొంత మెసేజీలు పారేసే సెట్టింగ్ ఛానల్ మీద ఉంది గానీ ఛానల్‌ని మనమే కోడ్‌లో తయారుచేసి ఇచ్చి అక్కడ ఆన్ చేసుకోవాలి. దానికన్నా పెద్ద విషయం, మెసేజ్ పోయే టైంకి గ్రూపులో లేని సర్వర్‌కి ఆ మెసేజ్ ఇక ఎప్పటికీ రాదు, ఎక్కడా దాచిపెట్టదు. గ్రూపులో ఉన్నవాళ్ళకి మాత్రం వరసలో, నమ్మకంగా చేరుస్తుంది, ఆ పనిలో వంక పెట్టలేం. కానీ డబ్బుకి సంబంధించిన మెసేజ్ అయితే మెసేజీల్ని దాచిపెట్టే యాక్టివ్‌ఎంక్యూనో కాఫ్కానో వాడుకోండి.

ఇక అసలు విలువ దేనిలో ఉందంటే వ్యూ మెసేజీల్లో. జేగ్రూప్స్‌లో ఎవరైనా చేరినా వెళ్ళిపోయినా మిగతా అందరికీ కొత్త మెంబర్ల లిస్టు వస్తుంది, దాన్నే వ్యూ అంటారు, ఆ లిస్టులో మొదటి పేరు ఎవరిదో వాళ్ళే కోఆర్డినేటర్. మామూలుగా కామెల్ ఈ వ్యూలని రూట్‌లోకి పంపదు, యూఆర్ఐలో ఎనేబుల్ వ్యూ మెసేజెస్ అని ట్రూ పెడితేనే పంపుతుంది. నేను కోఆర్డినేటర్ కాని వ్యూలని పారేసే ఫిల్టర్ కూడా కాంపొనెంట్‌లోనే రెడీగా ఉంది. కాబట్టి ఎస్‌ఎఫ్‌టీపీ రూట్‌ని ఆటో స్టార్టప్ ఫాల్స్ పెట్టి పడుకోబెట్టాలి, వ్యూ వచ్చి ఫిల్టర్ దాటితే కంట్రోల్‌బస్‌తో (రూట్‌లని స్టార్ట్, స్టాప్ చేసే కామెల్ కాంపొనెంట్) ఆ రూట్‌ని లేపాలి. మధ్యలో కామెల్ కాంటెక్స్ట్ (రూట్‌లన్నిటినీ నడిపే ఇంజిన్) ఇంకా పూర్తిగా లేవకపోతే కాసేపు ఆగే డిలే ఎక్స్‌ప్రెషన్ కూడా వాళ్ళే ఇచ్చారు, అది తీసేయొద్దు, ఎందుకంటే మొదటి వ్యూ చాలా తొందరగా వచ్చేస్తుంది. కామెల్ 3 నుంచి కంట్రోల్‌బస్ విడి మాడ్యూల్ అయింది, దాని డిపెండెన్సీ వేరే పెట్టుకోవాలి. మొత్తం పది లైన్లు. ఇంత పెద్ద పని పది లైన్లలో అవ్వడం చూసి నాకు చాలా సంతోషమేసింది, ఇప్పటికీ ఆ కోడ్ చూస్తే ముచ్చటేస్తుంది.

టెస్టింగ్ రాత్రి మా సీనియర్ అన్న, ఉప్పల్ నుంచి మెట్రోలో వస్తాడు, ఆరోజు లాస్ట్ ట్రెయిన్ కూడా వదిలేసుకుని నాతో కూర్చున్నాడు. రెండు టెర్మినళ్ళు పక్కపక్కన పెట్టి మొదటి సర్వర్‌ని కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపే కమాండ్) కొట్టాం. నేను ఇంకా ఎంటర్ మీంచి వేలు తియ్యలేదు, రెండో టెర్మినల్‌లో కొత్త వ్యూ పడింది, రూట్ స్టార్ట్ అయింది. అన్న మాత్రం తల ఊపలేదు. "గిట్ల చంపితే దొరుకుతది తమ్మీ, వైర్ పీకితే ఏమైతదో సూడు" అన్నాడు. వైర్ బదులు ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లు డ్రాప్ చేశాం. ఈసారి ఏమీ అవ్వలేదు. పది సెకన్లు, ఇరవై, ముప్పై... నలభై దాటాక అప్పుడు పడింది కొత్త వ్యూ. కారణం ఏంటంటే ప్రాసెస్ చస్తే దాని సాకెట్ మూసుకుపోతుంది, ఎఫ్‌డీ సాక్ అనే ప్రోటోకాల్ అది వెంటనే పట్టేస్తుంది. నెట్‌వర్క్ పోతే సాకెట్ తెరిచినట్టే కనిపిస్తుంది, అప్పుడు ఎఫ్‌డీ ఆల్ అనే ఇంకో ప్రోటోకాల్ హార్ట్‌బీట్ రావట్లేదని టైమౌట్ దాకా చూసి అప్పుడు తేలుస్తుంది, మా సెట్టింగ్‌లో ఆ టైమౌట్ 40 సెకన్లు. మాకు రాత్రి ఫైల్ 40 సెకన్లు ఆగినా పర్లేదు కాబట్టి అలాగే ఉంచాం, మీ పని వేరే అయితే తగ్గించుకోండి, మరీ తగ్గిస్తే మాత్రం జీసీ (జావా తన మెమరీ శుభ్రం చేసుకోవడం) కోసం కాసేపు ఆగిన సర్వర్‌ని కూడా చచ్చిపోయిందనుకుంటుంది.

ల్యాప్‌టాప్ దాటి సర్వర్ల మీదకి వెళ్ళాక రెండు రోజులు ఒకదానికొకటి కనపడలేదు. ఏ సెట్టింగూ ఇవ్వకపోతే జేగ్రూప్స్ యూడీపీ మల్టీకాస్ట్ (ఒక్క ప్యాకెట్‌తో గ్రూపు అందరికీ పంపే పద్ధతి) మీద నడుస్తుంది, మా డేటాసెంటర్‌లో మల్టీకాస్ట్ ఆపేసి ఉంది, క్లౌడ్‌లో కూడా ఎక్కువ చోట్ల ఇదే కథ. ప్రతి సర్వర్ తనొక్కటే ఉన్న గ్రూపుకి తానే కోఆర్డినేటర్ అనుకుని కూర్చుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు, అదే ప్రమాదం. లాగ్‌లో వ్యూలో ఎంతమంది ఉన్నారో కళ్ళతో చూడాల్సిందే. టీసీపీకి (ఒకరికొకరు నేరుగా కనెక్ట్ అయ్యే పద్ధతి) మారి, టీసీపీపింగ్‌లో (మెంబర్లని వెతికే ప్రోటోకాల్) రెండు సర్వర్ల అడ్రస్‌లు, పోర్ట్ 7800 రాసి, ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పేరు ఛానల్ ప్రాపర్టీస్‌లో ఇచ్చాం. బైండ్ అడ్రస్ కూడా మనమే ఇవ్వడం మంచిది, సర్వర్‌లో రెండు మూడు నెట్‌వర్క్ కార్డులుంటే అది వేరేది పట్టుకుని కూర్చోవచ్చు. ఇంకోటి, 7800 ఒక్కటీ తెరిపించుకుంటే సరిపోదు, ఎఫ్‌డీ సాక్ తనకంటూ ఇంకో పోర్ట్ తెరుస్తుంది, దాన్ని ఫిక్స్ చెయ్యకపోతే ఏది ఖాళీగా ఉంటే అది తీసుకుంటుంది. ఫైర్‌వాల్ టీంకి రెండోసారి టికెట్ పెట్టించుకున్నాం దీనివల్ల. కుబెర్నెటీస్ అయితే కుబె పింగ్, డీఎన్‌ఎస్ పింగ్ అని వేరేవి ఉన్నాయి, వాటి జోలికి మేం వెళ్ళలేదు.

వ్యూలో లెక్క చూసినప్పుడు నాకొక వింత కనిపించింది. సర్వర్లు రెండే, మెంబర్లు నలుగురు. ఒక రూట్‌లో ఉత్త క్లస్టర్ పేరు రాశాను, ఇంకో రూట్‌లో అదే పేరు పక్కన వ్యూ మెసేజెస్ ఆప్షన్ పెట్టాను. యూఆర్ఐ వేరైతే కామెల్‌కి ఎండ్‌పాయింట్ (రూట్‌లో ఒక చివర) వేరు, ఎండ్‌పాయింట్ వేరైతే ఛానల్ వేరు, దాంతో ఒక్కో జేవీఎం ఇద్దరు మనుషుల్లా గ్రూపులో చేరింది. కోఆర్డినేటర్ కుర్చీ నా రెండో ఛానల్‌కి వెళ్తే వ్యూ వినే ఛానల్‌కి ఆ కుర్చీ ఉండదు, రూట్ ఎక్కడా లేవదు. ఒక్క యూఆర్ఐ ఉంచుకోండి, లేదా ఒకే ఛానల్ బీన్ తయారుచేసి ఇవ్వండి.

ఇప్పుడు అసలు దెబ్బ చెప్తాను. లష్కర్ బోనాల ఆదివారం రాత్రి, ట్రాఫిక్ తక్కువుంటుందని మా వాళ్ళు స్విచ్ మార్చారు, ఇరవై నిమిషాలు రెండు సర్వర్ల మధ్య దారి లేదు. రెండూ బతికే ఉన్నాయి, అవతలిది చచ్చిందని రెండూ అనుకున్నాయి, రెండూ కోఆర్డినేటర్లు, రెండు చోట్లా రూట్ లేచింది. దారి తిరిగొచ్చాక మెర్జ్3 అనే ప్రోటోకాల్ రెండు గ్రూపుల్నీ చక్కగా కలిపేసింది, ఒక్కరే కోఆర్డినేటర్ అయ్యారు. అంతవరకు జేగ్రూప్స్ తన పని తాను చేసింది. కానీ తెల్లారి చూస్తే రెండో సర్వర్‌లో రూట్ ఇంకా నడుస్తూనే ఉంది! ఎందుకంటే ఆ రెడీమేడ్ ఫిల్టర్ నేను కోఆర్డినేటర్ కాని వ్యూని పారేస్తుంది, అంటే "నువ్విక పెద్దవి కాదు" అనే కబురునే పారేస్తుంది. లేపడం ఉంది, దించడం లేదు. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణ కూడా స్టార్ట్ వరకే ఉంటుంది, స్టాప్ గురించి ఒక్క ఉదాహరణ అక్కడ పెడితే ఎంతమందికి మేలో. డేటాబేస్ టేబుల్ ఉంది కాబట్టి ఆ రాత్రి ఎవరికీ రెండు ఎస్సెమ్మెస్‌లు వెళ్ళలేదు, నేను ముందు కరీంనగర్ పెద్దాయన్నే తలుచుకున్నాను.

ఇప్పుడు ఫిల్టర్ తీసేసి ఛాయిస్ (కామెల్‌లో ఇఫ్-ఎల్స్ లాంటిది) పెట్టాం. వ్యూలో మొదటి అడ్రస్, హెడర్‌లో వచ్చే మన ఛానల్ అడ్రస్ ఒకటైతే స్టార్ట్, కాకపోతే స్టాప్. ఇది కలిశాక సర్దుకోడానికి పనికొస్తుంది గానీ విడిపోయి ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దలు ఉండటాన్ని ఆపలేదు, రెండే సర్వర్లుంటే విడిపోయాక వాటిలో అవే తేల్చుకోలేవు కూడా. దానికి కామెల్ 2.24లో వచ్చిన జేగ్రూప్స్ రాఫ్ట్ కాంపొనెంట్ ఉంది, అందులో మెజారిటీ ఓటు లేనిదే లీడర్ అవ్వలేరు, రోల్ మారినప్పుడల్లా ఈవెంట్ పంపే ఆప్షనూ ఉంది, కాకపోతే కనీసం మూడు సర్వర్లు కావాలి.

నా రేటింగ్ వ్యూల కోసం 5కి 4, మెసేజీల కోసం 2. ఇప్పటికే కామెల్ వాడుతూ, రెండు సర్వర్లలో ఒక్కటే పని చెయ్యాలి, వెనక ఐడెంపొటెంట్ టేబుల్ లాంటి అడ్డు ఒకటి ఉంది అంటే కళ్ళు మూసుకుని పెట్టుకోండి. ఆ టేబుల్ లేకపోతే ముందు అది కట్టుకోండి, తర్వాత దీని దగ్గరికి రండి. మాకు మూడో వీఎం పోయిన వారం వచ్చింది, చిన్నదే, ఓటు వెయ్యడానికి సరిపోతుంది. రాఫ్ట్ మీద మళ్ళీ ఆ ఫైర్‌వాల్ టెస్టే మొదలుపెట్టాం, అన్న ఈసారి స్టాప్‌వాచ్ కూడా తెచ్చుకున్నాడు.