విట్బీ నల్ల నగల కోసం మూడు రోజులు

మన వైపు భర్త పోతే ఆడవారి ఒంటి మీది నగలు తీయించేవారు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో మాత్రం దుఃఖానికే ప్రత్యేకంగా నగలు చేయించుకునేవారు. ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలన్న కోరికతోనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. పోయినవారి వెంట్రుకలను జడలా అల్లి పొదిగిన పతకాలు, నల్ల ఎనామిల్ ఉంగరాలు అక్కడ ఉన్నాయి. పెళ్లికాకుండా పోయినవారి కోసమైతే తెల్ల ఎనామిల్ వాడేవారని తెలిశాక, ఆ చిన్న ఉంగరాల ముందు నుంచి కదలడం కష్టమైంది. అయితే అన్నీ అద్దాల వెనుకే.

యార్క్ నుంచి బస్సులో, బీడు కొండల మీదుగా రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే ఇంగ్లండు ఈశాన్య తీరంలోని విట్బీ ఊరు వస్తుంది. మిడిల్స్‌బ్రో నుంచి రైలు ఉన్నా, రోజుకు కొన్నే. కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు సముద్రపు బురదలో కూరుకుపోయి ఏర్పడిన ‘జెట్’ అనే నల్లని రాయి లాంటి పదార్థం ఇక్కడి తీరపు కొండల్లో దొరుకుతుంది. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి జీవితాంతం నల్లదుస్తుల్లోనే ఉండడంతో ఈ ఊరి పనివాళ్లకు గిరాకీ అమాంతం పెరిగింది.

చర్చ్ స్ట్రీట్‌లోని జెట్ హెరిటేజ్ సెంటర్‌లో, ఒక పాడుబడ్డ ఇంటి అటక మీద బయటపడిన ఆనాటి కార్ఖానాను భద్రపరిచారు. నా మట్టుకు ప్రయాణమంతటికీ విలువైన చోటు అదే. కాలితో తొక్కి తిప్పే చక్రాల మీద జెట్‌ను అరగదీసి, ఎర్రని పొడితో మెరుగు పెట్టేవారు. దగ్గరలోని ఒక దుకాణంలో, పూలచెండు పట్టుకున్న చేతి ఆకారపు బ్రోచ్‌ను నా అరచేతిలో పెట్టారు. కుంకుడు గింజలా నల్లగా, నున్నగా, ఆశ్చర్యపోయేంత తేలికగా ఉంది. వేళ్ల గోళ్లు కూడా విడివిడిగా చెక్కారు. మెరుగు లేని పింగాణీ పలక మీద రాస్తే గోధుమరంగు గీత పడింది; అసలు జెట్‌కు అదే గుర్తు. మరో చోట జెట్ అని చెప్పి చూపిన హారం చల్లగా, బరువుగా తగిలింది. అది నల్ల గాజు. ధర మాత్రం జెట్‌దే చెప్పారు.

బస విషయంలో నేను పొరపడ్డాను. పాత వీధిలో ఎంచుకున్న గదికి నిటారు మెట్లు, ఉదయం వేడినీళ్లు లేవు, అడిగితే సరైన జవాబూ లేదు. పెద్దవారితో వెళ్లేవారు వెస్ట్ క్లిఫ్ వైపు దిగడం మేలు. పానెట్ పార్క్‌లోని విట్బీ మ్యూజియం కూడా అటువైపే. అక్కడి జెట్ నగలకు ఒక పూటంతా కేటాయించండి. నేను గంటే ఉంచుకున్నాను, సగం అరలు చూడకుండానే బస్సు కోసం పరుగెత్తవలసి వచ్చింది.