వాల్సాల్ జీను కార్ఖానాలో కుట్టించిన తోలు బెల్టు

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న వాల్సాల్ పట్టణంలో గుర్రపు జీనులు, కళ్లేలు చేత్తో కుట్టే చిన్న కార్ఖానాలు కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో ఒకటి జీనుల పనితో పాటు ఆర్డరు మీద బెల్టులు కూడా కుట్టి ఇస్తుంది. అక్కడ కొలత ఇచ్చి చేయించుకున్న ముదురు గోధుమరంగు బెల్టును ఏడాదికి పైగా వాడిన తరవాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ ఊరు తోలు పనికి ముందే లోహపు పనికి పేరు పడింది. మధ్యయుగాల నుంచి ఇక్కడి పనివారు కళ్లెపు కడ్డీలు, రికాబులు, బకిళ్లు చేసేవారు. వాటికి తగిలించే పట్టీల పని 19వ శతాబ్దంలో విపరీతంగా పెరిగి ఊరికి ప్రధాన జీవనాధారమైంది. మోటారు బండ్లు వచ్చి గుర్రాలకు గిరాకీ పడిపోయాక ఆ నైపుణ్యమే పర్సులకు, చేతిసంచులకు మళ్లింది. రెండో ఎలిజబెత్ రాణి చేతిలో దశాబ్దాల పాటు కనిపించిన లానర్ హ్యాండ్‌బ్యాగుల కార్ఖానా ఈ ఊళ్లోనే ఉంది. స్థానిక ఫుట్‌బాల్ జట్టును అభిమానులు నేటికీ ‘శాడ్లర్స్’ (జీనులు కుట్టేవారు) అనే పిలుస్తారు.

బెల్టుకు వాడినది బ్రైడిల్ లెదర్, అంటే పగ్గాల కోసం, కళ్లేల కోసం తయారుచేసే తోలు. పశువుల తోలును చెట్ల బెరడుల రసంలో పదును చేసి (మన ప్రాంతంలో తంగేడు చెక్కతో చేసిన పని ఇదే), ఆపైన కొవ్వు, నూనె, మైనం కలిపి లోపలికంటా ఇంకేలా పట్టిస్తారు. గుర్రపు చెమటకూ వానకూ తోలు పాడవకుండా చేసే ఏర్పాటిది. ఆ మైనం పైకి తేలడం వల్ల కొత్త బెల్టు మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర ఉంటుంది. మా ఇంట్లో వాళ్లు దాన్ని చూసి పాత సరుకు అంటగట్టారనుకున్నారు కానీ, పొడి గుడ్డతో రుద్దగానే ఆ తెలుపు పోయి మంచి మెరుపు వచ్చింది.

దీని అసలు విలువ బకిల్ దగ్గరి కుట్టులో ఉంది. పనివాడు తోలును మోకాళ్ల మధ్య చెక్క బిగింపులో పట్టి, పళ్లున్న ఇనుముతో గుర్తులు వేసి, ఆరెతో ఒక్కో రంధ్రం ఏటవాలుగా పొడిచి, మైనం పట్టించిన లినెన్ దారానికి రెండు కొసలా ఎక్కించిన సూదులను రెండువైపుల నుంచి ఒకే రంధ్రంలో దూర్చి బిగించి లాగుతాడు. మిషను కుట్టు ఒకచోట తెగితే వరుసగా ఊడివచ్చే అవకాశం ఉంటుంది. ఇందులో ఒక పోగు తెగినా రెండో పోగు పట్టు విడవదు. పరుగెత్తే గుర్రం మీద పగ్గం ఊడితే రౌతు ప్రాణానికే ముప్పు కనుక ఈ కుట్టు పుట్టింది. 1837లో పారిస్‌లో గుర్రపు సామగ్రి కార్ఖానాగా మొదలైన హెర్మెస్ సైతం తన సంచులకు ఇదే కుట్టు వేస్తుంది, వాటి ధరల ఊసు ఇక్కడ అనవసరం. నా బెల్టు కుట్లలో ఒక్కటి కూడా ఇంతవరకు వదులు కాలేదు.

అయితే గుర్రం కోసం రూపొందిన తోలు మనిషి నడుముకు సుఖంగా అమరడానికి సమయం పడుతుంది. మొదటి వారాల్లో ఇది చెక్కలా బిగుసుకుని ఉండి, కూర్చున్నప్పుడల్లా పొట్టలో గుచ్చుకునేది. నాలుగు మిల్లీమీటర్ల మందం జీన్స్‌కు బాగున్నా, ఆఫీసు ప్యాంటు లూపుల్లో దూరదు. అంచుల రంగు తెల్ల చొక్కాకు అంటింది. కార్ఖానా వారు ఈ మాట ముందే చెప్పి ఉండవలసింది. చెప్పిన గడువు కూడా దాటింది. అరవై పౌన్లకు పైగా పెట్టినవారు ఈ రెండు విషయాల్లో ఇంతకంటే మెరుగైన సేవ ఆశించడం న్యాయమే.

అయినా రోజువారీ వాడకానికి ఒకే బెల్టు ఏళ్ల తరబడి ఉండాలనుకునేవారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఆర్డరు ఇచ్చేటప్పుడు ప్యాంటు సైజు చెప్పకుండా, ఇప్పుడు వాడుతున్న బెల్టును బకిల్ మడత నుంచి మీరు పెట్టుకునే రంధ్రం దాకా కొలిచి ఆ అంకె ఇవ్వండి. విశాఖ వంటి తేమగాలి ఊళ్లకు తీసుకువెళ్లేవారు ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టకుండా గాలి తగిలేలా వేలాడదీయాలి, లేకపోతే నిజమైన బూజే పడుతుంది.