ప్రజాభిప్రాయ సేకరణా, గ్రామసభా: గిరిజనులకు ఏది మేలు?

ఏజెన్సీలో గని తవ్వాలన్నా ఆనకట్ట కట్టాలన్నా అక్కడి గిరిజనుల మాట వినడానికి మన చట్టాల్లో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. రెండోది పంచాయతీ పాలనను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆధారంగా నిలిచే గ్రామసభ.

మొదటిదానికి కాగితం మీద లోటేమీ కనిపించదు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వెయ్యాలి. పత్రిక రాని ఊళ్లలో దండోరా వేయించాలని కూడా నోటిఫికేషన్‌లో ఉంది. చిక్కంతా భాష దగ్గర మొదలవుతుంది. వందల పేజీల మదింపు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, దాని సారాంశం మాత్రం రాష్ట్ర భాషలో వస్తుంది. కోందుల భాష కువి తప్ప మరో భాష రాని అవ్వకు ఆ తెలుగో ఒడియానో కూడా పరాయి భాషే. పైగా సభ మొదలవడానికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. అందరూ ముక్తకంఠంతో వద్దన్నా అది మినిట్స్‌లో నమోదై, దాని పక్కన కంపెనీ జవాబు చేరి, రెండూ కలిసి అనుమతి ఇచ్చేవారి బల్ల మీదికి వెళతాయే తప్ప ప్రాజెక్టు ఆగాలన్న నియమం లేదు.

గ్రామసభకు ఆ బలం ఎంతుందో నియంగిరిలో తేలింది. ఒడిశాలోని ఆ కొండమీద బాక్సైట్ తవ్వకం విషయంలో గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఆదేశించింది. జిల్లా జడ్జి సమక్షంలో, కొండ ఊళ్లలోనే సభలు జరిగాయి. తమ దేవుడు నియమరాజు కొలువున్న కొండను తవ్వనివ్వబోమని 12 ఊళ్లకు 12 ఊళ్లూ తీర్మానించాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడి డోంగ్రియా కొంధులూ మన అరకు, పాడేరు కొండల్లోని కోందులూ ఒకే జాతి వారు కనుక ఇది మనకు దూరపు కథ కాదు. అయితే కొండ చుట్టూ వందకు పైగా ఊళ్లుండగా పన్నెండింటినే ఎంపిక చేశారన్నది మరువరానిది.

గ్రామసభకూ గండ్లున్నాయి. భూసేకరణకు ముందు గ్రామసభతో "లేదా" తగిన స్థాయి పంచాయతీతో సంప్రదించాలని మాత్రమే పెసా చెబుతుంది. సంప్రదించడం వేరు, సమ్మతి పొందడం వేరు. అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చిన వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఇంత కట్టుదిట్టంగా ఉన్నా, 2022 నాటి అటవీ సంరక్షణ నిబంధనలు అటవీ హక్కుల చట్టం అమలును చూసే బాధ్యతను కేంద్ర ఆమోదం తరువాతి దశలో రాష్ట్రాలకు వదిలేశాయి. కేంద్రం ఒప్పుకున్నాక ఊరిని అడగడమంటే, ముహూర్తం పెట్టుకున్నాక పిల్ల ఇష్టం కనుక్కోవడమే.

అందుకే నా దృష్టిలో గ్రామసభే మేలు, కానీ ఒట్టి చేతులతో కూర్చునే గ్రామసభ కాదు. దిగువన ఏటి నీళ్ల మీద బతికే గిరిజనేతరులు నోరు విప్పడానికి, మదింపు నివేదిక ముందుగా బయటికి రావడానికి అభిప్రాయ సేకరణే దారి. ఆ నివేదిక సభకు నెల ముందే ఊరి భాషలో చదివి వినిపించాలి, తీర్మానాన్ని కూడా అదే భాషలో చదివాకే వేలిముద్రలు తీసుకోవాలి.