సోఫా పైన గోడకు: ఒకే పెద్ద చిత్రమా, చిన్న ఫ్రేముల గుంపా?

పెద్ద చిత్రాన్ని తగిలించడం తేలిక, ఎంచుకోవడమే కష్టం. వెడల్పు సోఫాలో మూడింట రెండొంతులు ఉండాలి, 210 సెం.మీ. సోఫాకు సుమారు 140. అంతకు బాగా తగ్గితే గోడ మీద తపాలా బిళ్ళలా కనిపిస్తుంది. చిత్రం కింది అంచుకీ సోఫా వీపుకీ మధ్య 15–20 సెం.మీ. చాలు. మరీ ఎత్తున తగిలిస్తే సోఫాకూ బొమ్మకూ సంబంధం తెగిపోతుంది. ఒకే మేకు మీద వేలాడదీస్తే పక్కకు ఒరుగుతూనే ఉంటుంది, రెండు హుక్కులు వాడాలి.

చిన్న ఫ్రేములతో పని ఎక్కువ. ఒక్కోదాని కొలతకు కాగితం కత్తిరించి, గోడకు టేపుతో అంటించి చూశాకే డ్రిల్లు పట్టుకోవాలి. వెనక తీగను పైకి లాగి పట్టుకుంటే అది ఎక్కడ నిలుస్తుందో, మేకు గుర్తు అక్కడ పెట్టాలి. ఫ్రేము పై అంచు దగ్గర పెడితే బొమ్మ గుర్తు కన్నా పైకి పోతుంది, వరస తప్పేది ఇక్కడే. ఫ్రేముల మధ్య ఖాళీ అంతటా 5 సెం.మీ. ఉంచండి, 10 దాటితే దేనికదే అన్నట్టుంటుంది. గుంపు మొత్తం వెడల్పుకూ ఆ మూడింట రెండొంతుల లెక్కే. బొమ్మలు రకరకాలైతే ఫ్రేముల రంగులు ఒకటి రెండు మించకపోతే మేలు.

గోడకు పూల వాల్‌పేపర్ ఉంటే పెద్ద చిత్రమే నయం. బొమ్మలు తరచూ మార్చేవారికి గుంపు నప్పుతుంది, దుమ్ము తుడిచే ఓపిక కూడా ఉంటే.