ఉక్కపోతలో గ్రీన్ ఆపిల్: బీ డెలీషియస్ నెలన్నర వాడాక

సెంట్ల గురించి నాకు పెద్దగా తెలిసిందేమీ లేదు, ముక్కు ఉంది, అంతే. మాది విశాఖపట్నం. ఎంవీపీ కాలనీలో ఇల్లు, సిరిపురంలో ఆఫీసు, మధ్యలో స్కూటీ. ఏప్రిల్ నెలాఖరు నుంచి మొన్నటిదాకా డీకేఎన్‌వై అనే న్యూయార్క్ ఫ్యాషన్ బ్రాండ్ వాళ్ళ బీ డెలీషియస్ సెంటు వాడాను. ఆపిల్ కాయ ఆకారంలో సీసా ఉంటుందే, వెండి రంగు లోహమూ ఆకుపచ్చ గాజూ కలిసి, అదే. మా అక్క దుబాయ్ నుంచి వస్తూ 30 ఎంఎల్‌ది తెచ్చింది. దీని గురించి నెట్‌లో రాసేవాళ్ళంతా చలిదేశాల్లో ఉన్నట్టున్నారు, ఆరు గంటలు ఉంటుంది, ఎనిమిది గంటలు ఉంటుంది అని ధీమాగా రాసేస్తారు. స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ తడిసిపోయే ఊళ్ళో, అదీ మే నెలలో, ఇది ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే ఇదంతా.

ముందు వాసన సంగతి. కొట్టుకోగానే వచ్చేది పండు వాసన కాదు, పచ్చికాయ వాసన. ఆపిల్ అంటే మనకి గుర్తొచ్చేది ఎర్రది, పూర్ణా మార్కెట్‌లో అట్టపెట్టెల్లోంచి తీసి పేర్చే సిమ్లా కాయో కాశ్మీర్ కాయో. దానికి రంగు తప్ప వాసన ఎక్కడుంది, ముక్కుకి ఆనించి పీల్చినా అంతంతమాత్రమే. ఈ సెంటులో ఉన్నది ఆకుపచ్చ ఆపిల్. గ్రానీ స్మిత్ అంటారు, ఆస్ట్రేలియాలో 1868లో మరియా ఆన్ స్మిత్ అనే ముసలావిడ పెరట్లో దానంతటదే మొలిచిన చెట్టు నుంచి వచ్చిన రకం. మన పళ్ళ కొట్లలో స్టిక్కర్ వేసుకుని ఖరీదుగా కూర్చుంటుంది చూడండి, అది. దాన్ని కోసినప్పుడు కత్తి దిగిన చోట చిన్నగా నీళ్ళు చిమ్ముతాయే, ఆ క్షణం వాసన అన్నమాట. పులుపు తగిలి దవడల దగ్గర లాలాజలం ఊరుతుంది, నిజంగా ఊరుతుంది, నేను మూడుసార్లు చూసుకున్నాను. దానికి తోడు కీరదోస చెక్కు తీసినప్పటి చల్లదనం, ఒక పిసరు గ్రేప్‌ఫ్రూట్ చేదు. గ్రేప్‌ఫ్రూట్ తెలియనివాళ్ళు పంపరపనస తొక్క గిల్లి వాసన చూడండి, రెండూ చుట్టాలే.

ఇదంతా మొదటి పది, పదిహేను నిమిషాలు. తర్వాత ఆపిల్ పలచబడుతూ తెల్లపూలు పైకొస్తాయి. కంపెనీ చెప్పే జాబితాలో మగ్నోలియా, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, గులాబి, వయొలెట్, నేలసంపెంగ అన్నీ ఉన్నాయి గానీ, నేలసంపెంగ పేరు చూసి ఆశపడకండి. మన నేలసంపెంగ సాయంత్రం ఇల్లంతా అల్లుకుంటుంది, ఇందులోది స్నానం చేయించి తల దువ్వి బడికి పంపినట్టు ఉంటుంది. మొత్తం కలిసి నా ముక్కుకి మంచి ఖరీదైన సబ్బులాగా తగిలింది. చివర్లో గంధం, ఆంబర్, ఏదో ఎండుకట్టె వాసన, అదీ మణికట్టుకి ముక్కు ఆనిస్తేనే.

ఆపిల్ ఇంత తొందరగా ఎందుకు పోతుంది అనే ప్రశ్న నన్ను రెండు వారాలు పీడించింది. నాసిరకమా, నకిలీదా అని మా అక్కని కూడా అనుమానించాను పాపం. తీరా చదివితే తేలిందేమిటంటే, మల్లె, గులాబీల నుంచి తీసినట్టు ఆపిల్ నుంచి సెంటుకి పనికొచ్చే నూనె తీయడం కుదరదట. ఏ ఆపిల్ సెంటులోనైనా ఆ వాసన ప్రయోగశాలలో కట్టినదే. అలాగని పూర్తిగా అబద్ధం కూడా కాదు, హెక్సైల్ ఎసిటేట్, ఇథైల్ 2-మిథైల్ బ్యూటిరేట్ లాంటి పదార్థాలు నిజం ఆపిల్‌లోనూ ఉంటాయి, సెంట్లు కలిపేవాళ్ళు అవే విడిగా తయారుచేసి వాడతారు. పచ్చిదనం కోసం సిస్-3-హెక్సెనాల్ అని ఒకటి ఉంది, గడ్డి కోసినప్పుడు గుప్పుమని వస్తుందే, అందులో ఉండేదే. ఇవన్నీ తేలికపాటి సరుకు, గాలి తగిలితే చాలు లేచిపోతాయి. గంధం, కస్తూరి తరహావి బరువైనవి, కదలవు. కాబట్టి మనం ఏ వాసన చూసి ముచ్చటపడి డబ్బులు కడతామో అదే అందరికంటే ముందు చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది. సీసా మీద ఓ డి పర్ఫ్యూమ్ అని ఉంటే, అంటే అందులో సుగంధ నూనెల వంతు దాదాపు 15 నుంచి 20 శాతం అని, ఎక్కువసేపు ఉండాలి కదా అంటాం. ఉంటుంది, కానీ ఉండేది ఆపిల్ కాదు.

దానికి మన ఊరి వాతావరణం తోడైంది. ఒళ్ళు వేడెక్కేకొద్దీ సెంటు తొందరగా ఎగురుతుంది, పైగా చెమట ఆరదు, రుమాలు పెట్టి తుడిచిన ప్రతిసారీ చెమటతో పాటు సెంటూ పోతుంది. నా లెక్కలు ఇవి: పొద్దున్న ఎనిమిదిన్నరకి మెడ మీద రెండు, మణికట్టు మీద ఒకటి. ఆఫీసు మెట్లెక్కేసరికి ఆపిల్ సగం. పదింటికి మణికట్టు మీద పూల సబ్బు. పదకొండున్నరకి ఏమీ లేదు. ఏసీలోనే కూర్చున్న రోజు మధ్యాహ్నం భోజనందాకా లాగింది, బ్యాంకు పనుల మీద ద్వారకానగర్‌లో ఎండలో తిరిగిన రోజు గంటలో ఖతం.

అయితే "ఏమీ లేదు" అన్నానే, అందులో ఒక మెలిక ఉంది. ఒకరోజు పన్నెండింటికి పక్క సీటు అమ్మాయి వచ్చి "మేడమ్, ఏం కొట్టుకున్నారు, బాగుందే" అంది. నాకేమో గంట నుంచి ఏ వాసనా రావట్లేదు! మన ముక్కు ఒకే వాసనకి కాసేపట్లో అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, అవతలివాళ్ళకి అది తెలుస్తూనే ఉంటుంది. మన ఇంటి వాసన మనకి తెలియదు, చుట్టాలు గుమ్మంలో అడుగుపెట్టగానే వాళ్ళకి తెలుస్తుంది, అలాగే. అందుకని పోయిందనుకుని మళ్ళీ మళ్ళీ కొట్టుకోకండి, లిఫ్ట్‌లో పక్కవాళ్ళు ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. బయటికెళ్ళి ఐదు నిమిషాలు తిరిగొచ్చి చూసుకోండి, లేదంటే మొహమాటం లేనివాళ్ళని అడగండి.

మొహమాటం లేనివాళ్ళంటే నాకు మా పెద్దమ్మే. అడవివరంలో ఉంటుంది, సింహాచలం కొండ కింద. సంపెంగ పూల మధ్య పెరిగిన మనిషి, ఆవిడకి సువాసన అంటే సంపెంగ, దాని తర్వాత గంధం, మిగతావన్నీ షాంపూలే. ఒక ఆదివారం వెళ్తూ గుమ్మం ముందు కొట్టుకుని లోపలికెళ్ళాను. "ఏటే, బిళ్ళలు గానీ తెచ్చేవేటి?" అంది. చిన్నప్పుడు కొట్లో కొనుక్కునే ఆకుపచ్చ పులుపు బిళ్ళలు ఆవిడకి గుర్తొచ్చాయి, నాకూ గుర్తొచ్చాయి, అబద్ధమెందుకు. అన్నం తిని చెయ్యి కడుక్కుని పక్కన కూర్చున్నాక మళ్ళీ వాసన చూసి "ఇప్పుడు సబ్బులాగుందే. ఇందాకటిదే బాగుంది" అంది. నేను ఇన్ని రోజులు గడియారం పెట్టుకుని రాసుకున్నది ఆవిడ ముక్క మాటలో తేల్చేసింది. ఇందులో గంధం కూడా ఉందట పెద్దమ్మా అంటే నవ్వింది. ఏడాదంతా గంధంపూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం చూపించే స్వామి కొండ మీద ఉన్న ఊరు అది, ఆవిడ దేవుడి గూట్లో చందనం పొట్లం ఎప్పుడూ ఉంటుంది. అది తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. అసలు గంధంలో ఒక రకం పాల జిడ్డు, కాస్త కారం ఉన్నాయి, సెంటులోది ఇస్త్రీ చేసినట్టు శుభ్రంగా ఉంది. తప్పేం కాదు, ఆఫీసుకి అదే నయం.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి, దీన్ని సముద్రం గాలిలో వాడటం. కాస్త చుట్టైనా కొన్ని రోజులు లాసన్స్ బే వైపు నుంచి బీచ్ రోడ్డు ఎక్కి, పాండురంగాపురం దగ్గర పైకి తిరిగి వెళ్తుంటాను. ఎదురు గాలిలో ఉప్పు ఉంటుంది కదా, ఆ ఉప్పూ ఈ పులుపూ కలిసి, ఆర్కే బీచ్‌లో అమ్మే పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూ కారం అద్దినట్టు, అచ్చం అలాగే అనిపించింది. మొదట భ్రమ అనుకున్నాను, మర్నాడు ఎంవీపీ లోపలి రోడ్ల మీద నుంచే వెళ్ళి చూశాను, అక్కడ ఉత్త ఆపిలే. ఈ సెంటు తయారుచేసిన మారిస్ రూసెల్ అనే ఆయన 2004లో న్యూయార్క్‌ని మనసులో పెట్టుకుని చేసి ఉంటాడు. ఆ ఊరికి బిగ్ ఆపిల్ అని ముద్దుపేరు, సీసా ఆకారం కూడా అందుకే. కానీ దీనికి అసలు జోడీ మన బీచ్ రోడ్డే అని నా గట్టి నమ్మకం. గాలి ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి తిరిగితే మాత్రం ఏ సెంటూ ఏమీ చెయ్యలేదు, అది వేరే విషయం.

ఎక్కువసేపు ఉంచుకోవడానికి నాకు పనిచేసినవి చెప్తాను. ఒంటి మీద కంటే బట్ట మీద చాలా నయం. కాటన్ చున్నీ అంచుకి లోపలివైపు రెండుసార్లు కొట్టి వేసుకుంటే ఆపిల్ గంట దాకా ఉంది, పూలు సాయంత్రం దాకా ఉన్నాయి. పట్టు మీద, లేతరంగుల మీద మాత్రం వద్దు, మరక పడితే తిట్టుకుంటారు. ఒంటి మీదే కావాలంటే వాసన లేని క్రీమో, వాసన లేని కొబ్బరినూనె రెండు చుక్కలో రాసి దాని మీద కొట్టండి, పొడి చర్మం మీద కంటే జిడ్డు మీద సెంటు నిలుస్తుంది. అయితే వాసన లేని కొబ్బరినూనె అన్నాను, గుర్తుంచుకోండి, ఒకరోజు మామూలు గానుగ నూనె రాసి ఆపిల్ చట్నీలా తయారయ్యాను. మణికట్లు రెండూ రుద్దేసుకునే అలవాటు ఉంటే మానెయ్యండి. సీసా స్కూటీ డిక్కీలో పెట్టకండి, వేడికీ వెలుతురుకీ సెంటు పాడవుతుంది, చీకటిగా ఉండే బీరువా చాలు.

కొనేటప్పుడు జాగ్రత్త. దీనికంటే ముందు రెండేళ్ళ కిందట గ్రీన్ ఆపిల్ అని రాసున్న ఒక చవక బాడీ స్ప్రే ఆన్‌లైన్‌లో తెప్పించాను, పేరు అనవసరం. ఆపిల్ ఏమోగానీ గిన్నెలు తోమే లిక్విడ్ వాసన, మెడ మీద దురద బోనస్. ఆపిల్ వాసన పూర్తి తీపికి పోయినా, పూర్తి పులుపుకి పోయినా ఇదే గతి, బిళ్ళలో వంటింటి సింకో గుర్తొస్తాయి. మంచిదానికీ చవకదానికీ తేడా ఆ పచ్చిదనంలో ఉంటుంది. మాల్‌కి వెళ్తే కాగితం ముక్క మీద కొట్టి ఇస్తారు, అది చూసి డబ్బులు తియ్యకండి. కాగితానికి చెమట పట్టదు. చేతి మీద కొట్టించుకుని, కాఫీ తాగి, ఎండలో ఒక అరగంట తిరిగి, అప్పుడు నిర్ణయించుకోండి.

ఆపిల్ సీసాలోనే వచ్చే ఇంకొకటి, నీనా రిచ్చి వాళ్ళ నీనా, 2006ది, ఎర్ర ఆపిల్. మా తోడికోడలి దగ్గర ఉంటే పట్టి చూశాను. నిమ్మకాయతో మొదలై చక్కెర పాకంలో ముంచిన ఆపిల్‌లా తీపిగా దిగుతుంది, ఒంటి మీద దీనికంటే ఎక్కువసేపే ఉంది. కానీ మే నెల ఉక్కలో ఆ తీపి జిడ్డుగా అంటుకున్నట్టు అనిపించింది. జనవరిలో అరకు వెళ్ళేటప్పుడు, స్వెట్టర్ మీద అయితే అదే బాగుంటుంది. ఇక్కడ, ఈ ఎండల్లో, నా ఓటు పచ్చదానికే.

100 ఎంఎల్ జోలికి పోకుండా చిన్నదే కొనుక్కోండి, వాసన నచ్చి కొట్టుకునేవాళ్ళకి ఇది, పొద్దున్నే కొట్టుకుని రాత్రి ఫంక్షన్‌దాకా లాగాలనుకునేవాళ్ళకి కాదు. పెళ్ళిళ్ళకైతే అసలే వద్దు. పోయిన వారం తలలో రెండు మూరల మల్లెలు పెట్టుకుని దీన్ని కూడా కొట్టుకుని వెళ్ళాను, మల్లెల ముందు ఆపిల్ పెళ్ళిపందిరి దాకా కూడా రాలేదు, కారులోనే దిగిపోయింది.