అత్తయ్యగారి నడకను బట్టి మామల్లపురం

చెన్నైలో పదకొండేళ్లుగా ఉంటున్నా, మహాబలిపురమని మనం పిలిచే మామల్లపురాన్ని ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించే చోటుగానే తప్ప మా కోసం మేము వెళ్లే చోటుగా ఎన్నడూ అనుకోలేదు. మొన్న జనవరిలో విజయనగరం నుంచి మా ఆడపడుచు కుటుంబం వచ్చినప్పుడు, డెబ్బై రెండేళ్ల అత్తయ్యగారిని, పన్నెండేళ్ల మా అబ్బాయిని, ఆరేళ్ల పాపను వెంటబెట్టుకొని మొత్తం తొమ్మిది మందిమి ఒక రోజంతా తూర్పు తీర రహదారి మీద గడిపి వచ్చాము. అక్కడి రాతి గుడులకు, శిల్పాలకు నూటికి నూరు మార్కులు వేస్తాను. మేము వేసుకున్న పథకానికి మాత్రం యాభైకి మించి వేయలేను. పిల్లలను, పెద్దవాళ్లను కలిపి తీసుకెళ్లాలనుకునే వారికి ఆ పోయిన యాభై మార్కుల లెక్కే ఎక్కువ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

పటంలో చూస్తే అన్నీ ఒకే దారిలో కనిపిస్తాయి. నగరం దాటి దక్షిణంగా వెళితే ముందు ముట్టుకాడు దగ్గర పాత ఇళ్ల ప్రదర్శనశాల దక్షిణచిత్ర, తరువాత కోవళం, వడనెమ్మేలి వద్ద మొసళ్ల కేంద్రం, చివరకు యాభై అయిదు కిలోమీటర్లకు పైగా ప్రయాణించాక మామల్లపురం వస్తాయి. కాబట్టి ఉదయం అయిదున్నరకు బయలుదేరి చివరి ఊరికి ముందుగా చేరుకొని, వెనక్కి వస్తూ మొసళ్ల కేంద్రం, దక్షిణచిత్ర చూడవచ్చునని మావారు కాగితం మీద గంటలతో సహా రాశారు. ఆ కాగితంలో వ్యాను ఆలస్యానికి గాని, అత్తయ్యగారి మోకాళ్లకు గాని చోటు లేదు.

వ్యాను ఆరు గంటల యాభై నిమిషాలకు వచ్చింది. అద్దెకు ఇచ్చిన ఏజెంటు ఆ ఆలస్యానికి ఒక్క రూపాయి తగ్గించకపోగా, మాట్లాడుకున్న పది గంటల లెక్క తన షెడ్డు నుంచి బండి కదిలినప్పుడే మొదలైందని సాయంత్రం వాదించాడు. గంటల లెక్క ఎక్కడ మొదలవుతుందో, టోల్ రుసుము ఎవరిదో, డ్రైవరు భోజనం ఎవరి ఖర్చో ముందే రాతపూర్వకంగా, కనీసం ఫోనులో సందేశంగానైనా తీసుకోవడం మంచిది. నలుగురే అయితే చెన్నైలోని తిరువాన్మియూరు వైపు నుంచి వెళ్లే బస్సే నయమని నా అభిప్రాయం.

తీర దేవాలయం చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. భారతీయులకు ప్రవేశ రుసుము 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఏమీ లేదు. ఇదే టికెట్ ఆ రోజు పంచ రథాలనే రాతి గుడులకు కూడా పనికివస్తుంది కాబట్టి నలిపి పారేయకూడదు. మా ఆడపడుచు భర్త పారేసి మళ్లీ కొనుక్కున్నారు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో రాజసింహుడనే పల్లవ రాజు రెండవ నరసింహవర్మ కాలంలో, కొండను తొలిచి కాకుండా రాళ్లు పేర్చి కట్టిన గుడి ఇది. శివుడికి రెండు గర్భాలయాలు, వాటి మధ్య శయనించిన విష్ణువుకు ఒకటి ఉన్నాయి. ఉప్పుగాలికి దాదాపు పదమూడు వందల ఏళ్లుగా అరిగి గోడల మీది బొమ్మల ముఖాలు మెత్తబడిపోయాయి. సముద్రం కోసెయ్యకుండా ఒడ్డున బండరాళ్లు పేర్చారు. 2004 సునామీ నాడు అలలు వెనక్కి పోయినప్పుడు నీటి అడుగున రాళ్ల వరుసలు కనిపించాయని గైడు చెప్పగానే మా అబ్బాయి కంచె దగ్గర నుంచి కదలలేదు. అత్తయ్యగారికి మాత్రం ఒకటే చింత: దేవుడున్నాడు, దీపం లేదు. ఇక్కడ పూజలు జరగవు. దర్శనం కోసం వచ్చే పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకురావాలి.

ఆ లోటును తీర్చే గుడి ఊరి నడిబొడ్డులోనే ఉంది. దివ్యదేశాలనే నూట ఎనిమిది విష్ణు క్షేత్రాలలో ఒకటైన స్థలశయన పెరుమాళ్ ఆలయంలో స్వామి ఆదిశేషుడి మీద కాక నేల మీదే పవళించి ఉంటాడు. పన్నెండుమంది ఆళ్వారులలో ఒకరైన పూదత్తాళ్వారు పుట్టింది ఈ ఊళ్లోనే. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కాబట్టి ఉదయమే వెళ్లాలి. తీర్థం, తులసి దళం అందుకున్నాక అత్తయ్యగారి నడకలో వచ్చిన హుషారు చూసి, ఈ గుడిని మొదటే చూపించి ఉండవలసిందని నాకు అనిపించింది.

ఆ గుడికి దగ్గరలోనే అర్జునుడి తపస్సు అని పిలిచే పెద్ద శిల్పఫలకం ఉంది. రోజు మొత్తంలో మేము ఎక్కువసేపు నిలబడినది దీని ముందే. ఇది రోడ్డు పక్కనే ఉంది, మెట్లు ఎక్కే పని లేదు, తూర్పు ముఖంగా ఉండడంతో ఉదయపు వెలుగు నేరుగా బొమ్మల మీద పడుతుంది. రెండు మహాశిలల మధ్య సహజంగా ఏర్పడిన చీలికను శిల్పులు నదిగా మలచుకొని, అందులో నాగులను, నాగినులను ఈదించారు. ఒంటికాలి మీద నిలిచి తపస్సు చేస్తున్నది పాశుపతం కోరిన అర్జునుడని కొందరు, గంగను దించిన భగీరథుడని కొందరు అంటారు. పైన తొట్టి వంటి నిర్మాణం ఉండేదని, అందులోంచి నిజంగానే నీళ్లు వదిలేవారని చెప్పే మాటను బట్టి నేను భగీరథుడి పక్షమే. పిల్లలకు మాత్రం ఈ వివాదంతో పని లేదు. ఏనుగుల దగ్గర ముందరి కాళ్లు పైకెత్తి తపస్సు నటిస్తున్న పిల్లిని, దాని పాదాల చుట్టూ నమ్మకంగా చేరిన ఎలుకలను వెతికి పట్టుకోమని చెప్పండి, అరగంట హాయిగా గడుస్తుంది. మనం కొంగ జపం అంటాం. పల్లవ శిల్పి ఆ జపాన్ని పిల్లి చేత చేయించాడు. పక్కనే ఉన్న కృష్ణ మండపంలో పాలు పితుకుతున్న మనిషిని, దూడను నాకుతున్న ఆవును చూసి అత్తయ్యగారు, "పాలు చేపడానికి దూడను ముందుంచారు చూడమ్మా, తెలిసినవాడే చెక్కాడు" అన్నారు. మూడు వందల రూపాయలు తీసుకొని, తమిళం కలిసిన తెలుగులో మాకు కథలు చెప్పిన గైడుకు ఈ మాట తట్టలేదు.

కొండవాలు మీద జారకుండా నిలబడిన 250 టన్నుల గుండ్రాయి, కృష్ణుడి వెన్నముద్ద గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 1908లో మద్రాసు గవర్నరు ఆర్థర్ లాలీ దానిని ఏడు ఏనుగులతో లాగించబోయి మానుకున్నాడని చెబుతారు. మా పాప కూడా లాగి చూసింది. ఆ వాలు రాయి నున్నగా ఉంటుంది, పెద్దవాళ్లను ఎక్కించకండి.

అసలు తప్పు పంచ రథాల దగ్గర చేశాము. అవి తీర దేవాలయానికి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో, ఇసుకలో, చెప్పుకోదగ్గ నీడ లేని చోట ఉన్నాయి. ఉదయం పోగొట్టుకున్న సమయం కారణంగా మేము అక్కడికి చేరింది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. జనవరి ఎండే అయినా రాయి, ఇసుక రెండూ వేడెక్కి పాప ఏడుపు మొదలుపెట్టింది. నా లెక్క ప్రకారం ఉదయం ఆరుకే తెరిచే ఈ చోటుకు మొదట రావాలి, తరువాత తీర దేవాలయానికి, ఆపైన ఊళ్లోకి. ఈ అయిదింటికీ పాండవులతో గాని, రథాలతో గాని సంబంధం లేదు; ఏడో శతాబ్దంలో మామల్లుడనే మొదటి నరసింహవర్మ కాలంలో నిలువెత్తు రాళ్లను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, పూర్తికాకుండానే వదిలేసిన గుడులు. నకుల సహదేవ రథం వెనుకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, దాని పక్కనే నిజమైన కొలతలో ఒక రాతి ఏనుగును నిలబెట్టారు. ద్రౌపది రథం ముందు అత్తయ్యగారు చీర కొంగు తలమీద వేసుకొని, "ఇది మన పూరిపాకే కదా" అన్నారు. నిజమే, అది తాటాకు కప్పును రాతిలో దించిన దుర్గ గుడి.

భోజనం గురించి రెండు మాటలు చాలు. శాకాహారపు భోజనం బాగానే ఉంది, ధర నగరంలో కంటే కొంచెం ఎక్కువ. తిన్న తరువాత డ్రైవరు మేము అడగకుండానే ఒక గవ్వల దుకాణం ముందు బండి ఆపాడు. అక్కడి ధరలలో అతని వాటా కూడా కలిసి ఉంటుందని రెండో వస్తువు ధర వినగానే అర్థమైంది. కొనదలిస్తే ఉలిచప్పుడు వినిపించే శిల్పుల పాకల దగ్గరే కొనాలి. పన్నెండు వందలు చెప్పిన చిన్న వినాయకుడిని మేము ఏడు వందలకు తెచ్చుకున్నాము. ఇక సముద్రంలో పాదాలు తడుపుకోవడం వరకే. ఇక్కడ అల వెనక్కి లాగే తీరు ఈతగాళ్లను కూడా మోసం చేస్తుంది.

మూడున్నరకు దక్షిణచిత్ర చేరాము. 1996లో తెరిచిన ఈ ఆవరణలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చెట్ల నీడ, కూర్చోవడానికి అరుగులు, పిల్లలకు కుమ్మరి సారె ఉండడంతో, మధ్యాహ్నం తరువాత అలసిన కుటుంబానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. స్మారకాల కంటే టికెట్ ఎక్కువైనా నాకు బాధ అనిపించలేదు. ఆంధ్ర భాగంలో నల్గొండ వైపు ఇక్కత్ నేత ఇల్లు, విశాఖపట్నం వైపు హరిపురం నుంచి చుట్టిల్లు ఉన్నాయి. ఆ చుట్టిల్లు వంగిన కప్పు కింద తలవంచి లోపలికి వెళ్లిన అత్తయ్యగారు పావుగంట దాకా బయటకు రాలేదు. గాలివానకు మూలలు ఉండకూడదని గుండ్రంగా కడతారని, పొయ్యి ఏ పక్కన ఉండేదో, గింజల కుండలు ఎక్కడ పెట్టేవారో మనవడికి చూపిస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం ద్రౌపది రథం దగ్గర వేడికి ముగించిన మాటను ఇక్కడ తీరిగ్గా పూర్తిచేశారు. ఆరు గంటలకు మూస్తారని పంపేవరకూ మేము లేవలేదు. మంగళవారం సెలవని గుర్తుంచుకోండి.

ప్రయాణానికి డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అక్టోబరు, నవంబరులలో ఈశాన్య రుతుపవనాల వాన, మే నెలలో కత్తిరి ఎండ. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారు మన ముక్కనుమ నాడు మాత్రం వెళ్లకండి. ఆ రోజు తమిళులకు కాణుం పొంగల్, తీరమంతా జనమే.

మూడోదైన మొసళ్ల కేంద్రాన్ని ఎలాగూ చూడలేకపోయాము. రోములస్ విటేకర్ 1976లో స్థాపించిన ఆ కేంద్రంలో ఇరుళర్లనే గిరిజనులు పాముల విషం తీసే చోటు కూడా ఉందని చదివి పెట్టుకున్న మా అబ్బాయి, దాని ద్వారం ముందు నుంచి వ్యాను వెళ్లిపోతున్నప్పుడు కిటికీ వైపు తిరిగి ఎవరితోనూ మాట్లాడలేదు. వేసవి రాకముందే ఒక శనివారం వాడిని, పాపను మాత్రమే బస్సులో తీసుకెళతానని మాటిచ్చాను. ఆ రోజు కాగితం మీద ఒకే ఒక పేరు ఉంటుంది.